మూకుట్లో ఇంజిన్ ఆయిల్

ఇది రాస్తే పిన్ని నొచ్చుకుంటుందని అమ్మ ఫోన్లో అంది. వాళ్ళింట్లో ఉండి, వాళ్ళ తిండి తిని, వాళ్ళ గురించే రాస్తావా అని కూడా అంది. తిన్న మాట నిజమే. పిన్ని పెట్టిన గోంగూర పప్పు గురించి ఎంతైనా రాస్తాను. కానీ ఆ చలికాలం ఆ ఇంట్లో నేను పీల్చిన గాలి గురించి రాయకుండా, పప్పు గురించి మాత్రమే రాయడం నావల్ల కాదు.

నేను ఐర్లండ్‌లో, మెయ్‌నూత్ అనే ఊళ్ళో ఎమ్మెస్సీ చదివాను. చదువు అయిపోయాక, ఉద్యోగం వెతుక్కుంటూ ఉండడానికి ఊళ్ళో గది దొరకలేదు. చూడబోయిన వాటిలో ఒకటి గదే కాదు, బట్టలుతికే మిషన్ పెట్టుకునే సందు. ఆ సంగతి విని పిన్ని, "నీకేం ఖర్మే, మా ఇంటికొచ్చెయ్" అంది. వాళ్ళది మెయ్‌నూత్ దాటాక పొలాల మధ్య ఎప్పుడో కట్టిన రాతి గోడల ఇల్లు, అద్దెకు తీసుకున్నది. కింద ముందు గది, వంటిల్లు, వెనక చివరన పిన్నీ వాళ్ళ పడకగది, దాని పక్కన చెల్లి గది. చెల్లి అంటే పిన్ని కూతురు. తెలుగులో ఏం మాట్లాడినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులో వస్తుంది. ఏటవాలు కప్పు కింద, మేడ మీద ఉన్నది ఒకే ఒక గది. అది నాకిచ్చారు.

ముందు గదిలో గాజు తలుపున్న ఇనప పెట్టెలాంటి కట్టెల స్టవ్ ఉంది. దాని పొగగొట్టం కప్పు చీల్చుకుని నా గది మూల నుంచి పైకి పోతుంది. "నువ్వసలే చలికి తట్టుకోలేవు, ఆ గొట్టం పక్కన పడుకో, వెచ్చగా ఉంటుంది" అని మంచాన్ని దాని దగ్గరికి జరిపింది పిన్నే. ప్రేమతోనే జరిపింది. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోతాను. ఎవరేమడిగినా ఒక్క ముక్కలో జవాబు చెప్పి, మిగిలినదంతా డైరీలో రాసుకుంటాను. డైరీ రాసుకునే అమ్మాయిలు నెమ్మదస్తులని జనం నమ్మకం. డైరీలో నేనేమంత నెమ్మది కాదు.

బాబాయి వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టర్. శనివారం మెకానిక్. ఆడమ్స్‌టౌన్ నుంచి, బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి తెలిసిన తెలుగువాళ్ళు కార్లు వేసుకుని వస్తారు. ట్రాక్ ప్యాంటు మీద పాత లుంగీ చుట్టుకుని బాబాయి కారు కిందికి దూరి ఇంజిన్ ఆయిల్ మారుస్తాడు. డబ్బు ముట్టడు. వాళ్ళు తెచ్చిన మిఠాయి పొట్లమో, ఊరి నుంచి వచ్చిన కారం సీసానో తీసుకుంటాడు. "అన్నా, నువ్వు లేకపోతే మా గతేంటి" అనిపించుకోవడం ఆయనకు జీతం కంటే ఎక్కువ. అది తప్పని నేననను. ఆఫీసులో ఆయన్నెవరూ అన్నా అని పిలవరు కదా.

పాత ఆయిల్‌ని ఖాళీ డబ్బాల్లోకి ఒంపి వెనక షెడ్డులో పెట్టేవాడు. ఒంపేముందు ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది చూపించడం అలవాటు. "చూశావా, తళతళ లాడుతోందే, అది ఇంజిన్ అరిగి రాలిన ఇనుము. ఈయన బండికి రోజులు దగ్గర పడ్డాయి" అనేవాడు. ఆ డబ్బాలను అప్పుడప్పుడు రీసైక్లింగ్ సెంటర్‌కి పట్టుకెళ్ళి అప్పగించి వచ్చేవాడు. ఆ సంవత్సరం ఇల్లు వేడి చేసే కిరసనాయిలు ధర బాగా పెరిగింది. ఒక శనివారం డబ్బాలు కారులో ఎక్కించబోతూ షెడ్డులో ఆగిపోయాడట. డబ్బుపెట్టి ఒక నూనె కొంటున్నాను, పెట్రోలు పోసుకుని వెళ్ళి ఇంకో నూనె పారేసి వస్తున్నాను, నా అంత తెలివితక్కువ వాడెవడు అనుకున్నాడట.

ఇలా కట్టెల స్టవ్‌లో ఇంజిన్ ఆయిల్ కాల్చేవాళ్ళు ఉన్నారని వీడియోల్లో చూశాడు. వాళ్ళంతా సన్నటి రాగి గొట్టాలు పెట్టి, చుక్కచుక్కగా పడేట్టు కుళాయిలు బిగించుకున్నారు. బాబాయికి అది నచ్చలేదు. "ఇంత ప్లంబింగ్ ఎందుకు? నూనె ఎలా వెలిగించాలో మనకొకడు నేర్పాలా?" అన్నాడు. వంటింట్లో కింది ప్రెస్ తెరిచాడు. ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు, మా ఇళ్ళల్లో కూడా ఆ మాటే స్థిరపడింది. అందులోంచి పిన్ని ఇండియా నుంచి మోసుకొచ్చిన ఇనప మూకుడు తీశాడు. పాత కాటన్ లుంగీ చింపి, పేలికలు పేని, బొటనవేలంత లావు వత్తులు చేశాడు. మూకుట్లో నల్ల నూనె పోసి, చుట్టూ అంచు మీదికి వత్తులు పరిచి, స్టవ్‌లో రగిలే కట్టెల మీద పెట్టాడు. అంటే ఏం లేదు, పెద్ద దీపం. కార్తీకమాసం మొదలైన రోజులు. పిన్ని దేవుడి దగ్గర ఆవునేతి దీపం పెడుతోంది, బాబాయి ముందు గదిలో ఇంజిన్ ఆయిల్ దీపం పెట్టాడు. సరదాకి దణ్ణం కూడా పెట్టాడు.

పిన్ని అభ్యంతరమల్లా మూకుడు గురించే. "నా పునుగుల మూకుడు! ఇంకేదీ దొరకలేదా నీకు?" అంది. ఆయన నాన్‌స్టిక్‌ది కొంటానన్నాడు. నాన్‌స్టిక్‌లో పునుగులేంటని ఆవిడ చాలాసేపు సణిగింది.

మంట గుప్పున లేచింది. దూరంగా బస్సు వస్తున్నట్టు గొట్టంలో హోరు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, హాయిగా ఉంది. ఆ ఇంటికి వచ్చాక చేతులకు గ్లవ్స్ లేకుండా పుస్తకం పట్టుకున్నది ఆ సాయంత్రమే. రాతి గోడలు కూడా వెచ్చబడ్డాయి. చెల్లి సాక్సులు విప్పేసి తిరిగింది. బాబాయి మా మొహాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత నా గదిలోకి వాసన వచ్చింది. ఎండాకాలం రోడ్డు మీద తారు పోసేటప్పుడు వచ్చే వాసన. నాలుక వెనక రూపాయి బిళ్ళ పెట్టుకున్నట్టు ఒక రుచి. గొట్టం కప్పులోకి దూరే చోట, దాని చుట్టూ గచ్చులో సన్నటి చీలిక ఉంది. కట్టెలు మాత్రమే కాల్చినప్పుడు దాని ఉనికి నాకు తెలియదు. కొన్నాళ్ళకు ఆ చీలిక చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లబడింది. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే గీత పడేది. లైబ్రరీ పుస్తకాల అంచులు బూడిదరంగు తిరిగాయి. పేజీ తిప్పిన చోటల్లా నా బొటనవేలి ముద్ర. పొడిదగ్గు పట్టుకుంది. మెట్లెక్కి మంచం దాకా వెళ్ళేసరికి, ఎవరో గుండెల మీద చెయ్యి వేసి నొక్కిపట్టినట్టు ఉండేది. పిన్నీ వాళ్ళ గదులు ఇంటికి ఆ చివర. వాళ్ళకు వేడి వెళ్ళేది, వాసన వెళ్ళేది కాదు.

నాకు కావలసింది ఒక్కటే. పడుకున్నచోట ఊపిరి ఆడాలి. ఇంతకంటే ఏమీ అడగలేదు.

మొదటిసారి ఉదయం కాఫీల దగ్గర అడిగాను. "బాబాయ్, పైన వాసన వస్తోంది" అన్నాను. "రాదా మరి, సెంటు కాదుగా తల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం అయ్యాక సాయంత్రం మూకుడు మామూలుగానే వెలిగింది.

మెట్ల పైన కప్పుకి పొగ అలారం ఉంది. మిరపకాయ పోపు పడితే చాలు, ఊరంతా లేచేట్టు అరుస్తుందని, ఇంట్లో దిగిన వారంలోనే పిన్ని దానికి స్నానాల టోపీ తొడిగింది, హోటళ్ళలో ఇస్తారే, ఆ ప్లాస్టిక్ టోపీ. నేను వెళ్ళిన తెలుగు ఇళ్ళల్లో చాలావాటిలో అలారానికి ఆ టోపీ చూశాను. ఒకరోజు నేను కుర్చీ ఎక్కి టోపీ తీసేశాను. బాబాయి నూనె పోయడానికి స్టవ్ తలుపు తెరిచీ తెరవగానే అలారం లంకించుకుంది. ఆయన మళ్ళీ కుర్చీ ఎక్కి టోపీ తొడిగి, "పోపుకీ అరుస్తుంది, దీనికీ అరుస్తుంది. దీనికేం తెలుసని?" అన్నాడు. ఆ అలారంతో పాటు నన్ను కూడా అన్నట్టే అనిపించింది.

ఆ రోజు నుంచి నేను కిటికీ తెరిచాను.

నా గదికి ఉన్నది వాలు కప్పులోనే బిగించిన కిటికీ. కింద స్టవ్ వెలిగించగానే అది బార్లా తీసి, గది తలుపు కూడా తీసి పెట్టేదాన్ని. ఇంట్లో వేడంతా మెట్లెక్కి వచ్చి, నా మంచం మీదుగా బయటికి పోయేది. వాన పడితే తల దగ్గర బకెట్ పెట్టుకునేదాన్ని. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడం నాకు చేతకాదు, తెరవడం చేతనవుతుంది.

బాబాయి మెట్ల కింద నిలబడి అరిచాడు. "ఏమ్మా, ఆకాశానికి హీటింగ్ పెట్టావా?"

"గాలి కోసం తీశాను బాబాయ్."

"కింద మేం గడ్డకడుతుంటే నీకు గాలి కావాలా?"

నేను మూయలేదు. ఆయన పైకొచ్చి మూసి వెళ్ళాడు. ఆయన కిందికి దిగిన చప్పుడు వినగానే మళ్ళీ తెరిచాను. కొన్నాళ్ళు ఇలాగే సాగింది. ఒక సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి చూస్తే కిటికీకి పిడి లేదు. ఊడదీసి తీసుకెళ్ళాడు. నేను షెడ్డులోకి వెళ్ళి, ఆయన టూల్ బాక్స్‌లోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చుకుని, పిడి ఉండాల్సిన చోట పొడుచుకొచ్చిన ఇనప ముక్కని దాంతో పట్టి తిప్పాను. కిటికీ తెరుచుకుంది. ఆ పట్టకారు నా దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

వెచ్చటి గదిలో కూర్చోవడం కూడా మానేశాను. మందపాటి కోటు, ఉన్ని టోపీ వేసుకుని వంటింట్లో తినేదాన్ని. నాకు సరిపడనిది కాల్చి వచ్చిన వెచ్చదనం నాకక్కర్లేదు. పిన్నికి ఇది కిటికీ కంటే పెద్ద అవమానమైంది. "మేమేదో నిన్ను చలికి వదిలేసినట్టు ఆ వేషమేంటే? ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు?" అనేది. చెల్లి ఒక్కతే పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చునేది. "ఇట్స్ ర్యాంక్ ఇన్ దేర్ ఎనీవే, అక్కా" అంది ఒకరోజు. ర్యాంక్ అంటే ఇక్కడి పిల్లల మాటల్లో కంపు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి సాక్ష్యం అదే.

దగ్గు తగ్గకపోతే పిన్ని నన్ను జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. పిన్ని నర్సింగ్ హోమ్‌లో కేరర్. ఊపిరాడని ముసలివాళ్ళకు దిండ్లు ఎత్తు పెట్టడం, ఆక్సిజన్ అంకెలు చూడడం ఆవిడ రోజూ చేసే పని. డాక్టరమ్మ నా వీపు మీద స్టెతస్కోప్ పెట్టి విన్నది. పొగ తాగుతావా అని అడిగింది. లేదన్నాను. ఇంట్లో దేంతో వేడి చేసుకుంటారు అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి పిన్ని, "కట్టెలండీ, వట్టి కట్టెలు" అంది, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. డాక్టరమ్మ గ్రాండ్ అని, ఇక్కడ సరే అనడానికి ఆ మాటే, కట్టెలు బాగా ఎండినవే వాడమని, పీల్చే మందు రాసిచ్చింది.

కారులో అడిగాను. "ఎందుకలా చెప్పావు పిన్నీ?"

ఆవిడ గేరు మార్చింది. "వాళ్ళు కంప్యూటర్లో రాసుకుంటారే. రేపు గవర్నమెంటు వాళ్ళెవరో వస్తారు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అద్దె ఇల్లు. ఎవరెవరికి జవాబు చెప్పుకోను?" అంది.

"మరి నా దగ్గుకి?"

"అది చలికి వచ్చింది" అంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. రోజూ ఊపిరాడనివాళ్ళను చూసే మనిషికి తెలియక కాదు. నాకు కోపం వచ్చింది అందుకే. తెలియనివాళ్ళ మీద నాకు కోపం రాదు.

ఇంటికి వచ్చాక బాబాయిని షెడ్డులోనే పట్టుకుని అడిగాను. మీరే కదా ఇందులో ఇనుము రాలి ఉంటుందని చూపించేవారు, కాలిస్తే ఆ ఇనుము ఎక్కడికి పోతుంది అన్నాను. ఆయన డబ్బా మూత బిగిస్తూ, గొట్టంలోంచి పైకి పోతుంది అన్నాడు. గొట్టం నా గదిలోంచే కదా పోయేది అన్నాను. ఇంట్లో అందరికీ వెచ్చగా ఉంది, నీకొక్కదానికే కష్టమంటే లోపం నూనెలో ఉందా, నీలో ఉందా అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. జవాబు ఆ పూట డైరీలో చాలా పొడుగ్గా వచ్చింది. డైరీ బాబాయి చదవడు కాబట్టి దానివల్ల ఉపయోగం లేదని కూడా అప్పుడే తెలిసింది.

కార్తీకమాసం వెళ్ళిపోయేలోపు ఒక ఆదివారం పిన్ని వనభోజనాలు పెట్టింది. ఉసిరిచెట్టు కింద తినాలి. ఇక్కడ ఉసిరిచెట్టూ లేదు, ఏ చెట్టు కిందైనా కూర్చోనిచ్చే వాతావరణమూ లేదు. అందుకని పిన్ని బ్లాంచర్డ్స్‌టౌన్ ఇండియన్ షాపులో ఫ్రీజర్ ఉసిరికాయలు కొని, గిన్నెలో పోసి ముందు గది మధ్యలో పెట్టింది. దాని చుట్టూ దుప్పట్లు పరిచి అందరూ కూర్చున్నారు. కాగితం ప్లేట్లలో పులిహోర, కందబచ్చలి బదులు పాలకూర, పెరుగన్నం. బాబాయి మూకుడు నిండా నూనె పోశాడు. గాజు తలుపు నల్లబడి లోపల మంట ఎర్రటి మసకలా కనిపిస్తోంది. వచ్చినవాళ్ళు కోట్లు విప్పేసి, అబ్బ, మా ఇళ్ళల్లో ఇంత వెచ్చగా ఎప్పుడూ లేదన్నా అంటున్నారు. నేను వంటింట్లో ఉన్నాను.

వాళ్ళలో ఒక చిన్న జంట. ఆడమ్స్‌టౌన్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, మాకు దగ్గర్లోనే ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అందులోనూ కట్టెల స్టవ్ ఉంది. వాళ్ళకు నెలల పాప. ఆ అబ్బాయి బాబాయి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని స్టవ్ లోపలికి చూస్తున్నాడు. పొగ రాదా అన్నా అని అడిగాడు. "గొట్టం ఎందుకుంది మరి?" అన్నాడు బాబాయి. "ఇది మన దీపమే తమ్ముడూ, కాస్త పెద్దది. దీపానికి భయపడతామా?" ఇంకో మూకుడు కూడా అప్పటికే కొని పెట్టాడట, నాన్‌స్టిక్ కాదు, మంచి ఇనపది. ఆ మూకుడు, ఒక డబ్బా నూనె తీసుకెళ్ళి ఆ అబ్బాయి కారు డిక్కీలో పెట్టి వచ్చారు.

ఇంతలో పాప ఏడుపు మొదలుపెట్టింది. గోలగా ఉంది కదా, నిద్ర రావడం లేదేమో, ఎక్కడైనా పడుకోబెట్టొచ్చా అని వాళ్ళమ్మ పిన్నిని అడిగింది. పిన్ని తన గది వైపు చెయ్యి చూపించబోయింది. అక్కడ మంచం నిండా కోట్లు. బాబాయి అందుకున్నాడు. "పైన మా అమ్మాయి గది ఉందిగా. ఇంట్లో అన్నిటికన్నా వెచ్చటి గది అది. అక్కడ పడుకోబెట్టండమ్మా."

ఆ అమ్మాయి పాపని భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి నేను మొదటి మెట్టు మీద నిలబడి ఉన్నాను. చేతిలో పెరుగు గరిటె కూడా ఉంది. అది ఎక్కడన్నా పెట్టి రావాలన్న ఆలోచన రాలేదు.

"వద్దండీ. ఆ గదిలో వద్దు" అన్నాను.

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. నా పక్కబట్టలు పాడవుతాయని అంటున్నాననుకుంది. ఫర్వాలేదండీ, పక్క తడపదు, డైపర్ ఉంది అంది మెల్లగా. ఆ మాటకి నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. మా వైపు ఇళ్ళల్లో, వచ్చిన చుట్టం బిడ్డకి పక్క ఇవ్వననడం కంటే తలవంపులు ఇంకోటి లేవు. అందరూ తినడం ఆపి ఇటు చూశారు.

"అదేంటే? పసిబిడ్డ" అంది పిన్ని.

"అందుకే పిన్నీ."

బాబాయి నవ్వాడు. "మా అమ్మాయికి పుస్తకాలెక్కువ. ఎందులోనో ఏదో చదివి ఉంటుంది. మీరు వెళ్ళండమ్మా, అది పక్కకి జరుగుతుంది."

నేను జరగలేదు. మెట్ల కమ్మీ పట్టుకున్నాను. గొంతు వణికితే వణికిందని మాట్లాడాను. "పుస్తకంలో చదవలేదు బాబాయ్. ఆ గదిలో పడుకుని తెలుసుకున్నాను. అక్కడ నాకు ఊపిరి ఆడడం లేదు. డాక్టర్‌కి కట్టెలు కాలుస్తున్నామని చెప్పాం. కట్టెలు కాదు మనం కాలుస్తున్నది."

పిన్ని ప్లేటులోకి చూస్తూ ఉండిపోయింది.

"అంటే నేను మిమ్మల్నందరినీ విషం పెట్టి చంపుతున్నానా?" అన్నాడు బాబాయి. ఇప్పుడు నవ్వడం లేదు.

"అలా అనలేదు. మీ ప్లేటు పట్టుకుని నా గదికి వెళ్ళండి. కిటికీ మూసేస్తాను, తలుపు వేసేస్తాను. నా మంచం మీద కూర్చుని స్థిమితంగా భోంచేయండి. కావాలంటే మజ్జిగ కూడా నేనే తెచ్చిస్తాను. తినేసి కిందికొచ్చి, పాపని అక్కడ పడుకోబెట్టొచ్చని ఆ మాట మీరే చెప్పండి. నేను పక్కకి తప్పుకుంటాను."

నా జీవితంలో నలుగురి ముందు నేను ఒక్క ఊపున మాట్లాడిన అతి పొడుగు మాట అదే. బాబాయి ప్లేటు తీసుకుని లేచాడు. "దానికేం భాగ్యం" అన్నాడు. ఆ అబ్బాయి కూడా లేచి, నేనూ వస్తానన్నా అని వెనకాలే వెళ్ళాడు. నేను ముందు వెళ్ళి పట్టకారుతో కిటికీ మూశాను. వాళ్ళు మంచం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, పెళ్ళిపందిట్లో భోజనానికి కూర్చున్నట్టు. తలుపు వేసి కిందికి వచ్చాను.

కింద ఎవరూ తినలేదు. ఎవరో కొత్త రోడ్డు గురించి మొదలుపెట్టి ఆపేశారు. చెల్లి మెట్ల వైపు చెవి పెట్టి, "దే ఆర్ కాఫింగ్" అంది. పిన్ని ఊరుకోమని కసిరింది. పాప తల్లి పాపని ఊపుతూ నా మొహంలోకే చూస్తోంది. నేను కూడా ఈసారి తల దించుకోలేదు.

వాళ్ళు దిగి వచ్చేటప్పటికి ప్లేట్లలో పులిహోర అలాగే ఉంది. ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ దగ్గుతున్నాడు. బాబాయి దగ్గలేదు. దగ్గకుండా ఉండడానికి ఆయన పడుతున్న అవస్థ మెడ నరాల్లో కనిపిస్తోంది. చివరికి గొంతు సవరించుకుని, "కొంచెం ఉక్కగా ఉంది. అంతే" అన్నాడు.

పాపని పడుకోబెట్టొచ్చని మాత్రం అనలేదు.

ఆ అబ్బాయి భార్యతో, పాపకి కోటు వెయ్యి, బయల్దేరదాం అన్నాడు. బాబాయికి చెప్పి వెళ్ళాడు, మర్యాదగానే. ముందు గది కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. అతను కారు డిక్కీ తెరిచి, నూనె డబ్బా బయటికి తీసి షెడ్డు గోడకి ఆనించాడు. దాని మీద కొత్త మూకుడు బోర్లించాడు. బాబాయి అదంతా కిటికీలోంచి చూశాడు. నేనన్న మాటలన్నిటికంటే అదే ఆయనకు తగిలిందని నాకు తెలుసు. తగలనీ అనుకున్నాను.

ఆ సాయంత్రం మూకుట్లో నూనె అయిపోయాక మళ్ళీ పోయలేదు. తర్వాతి శనివారం డబ్బాలన్నీ కారులో ఎక్కించుకుని రీసైక్లింగ్ సెంటర్‌కి వెళ్ళి వచ్చాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాతో మాత్రం మాట మానేశాడు. పక్కనే ఉన్నా, "మీ అక్కని ఉప్పు ఇలా అందించమను" అని చెల్లితో అనేవాడు. "షి ఈజ్ రైట్ దేర్, డాడ్" అనేది అది. నేను ఉప్పు అందించేదాన్ని. ఇల్లు మళ్ళీ చల్లబడింది. నా దగ్గు నెమ్మదిగా తగ్గింది. నేను చెప్పదలచుకున్నది దాంతో అయిపోయింది, నా వరకు.

పిన్ని వరకు అవలేదు. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి మంచం మీద కూర్చుంది. గొట్టం చుట్టూ ఉన్న నల్లటి మరకని చూసింది. లేచి వేలితో తాకింది, ఆ వేలు చీర కొంగుకి తుడుచుకుంది.

"నీ ఆరోగ్యం నీకు ముఖ్యమే. కాదనను. కానీ నలుగురిలో ఆయన పరువు తీశావు. నాకు విడిగా చెబితే నేను చెప్పేదాన్ని కాదూ?"

"చెప్పాను పిన్నీ. డాక్టర్ దగ్గర నా పక్కన కూర్చుంది నువ్వేగా."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వేసింది. జాలి వేసినా మాట వెనక్కి తీసుకోలేదు. పిన్ని అడగడానికి వచ్చిన మాట అడిగింది. "ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు. ఒక్క సారీ చెప్పు. నీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

నేను ఆలోచించాను. అందరి ముందు అన్నందుకు సారీ చెప్పవచ్చు. గొంతు వణికినందుకు, పెరుగు గరిటె పట్టుకుని నిలబడినందుకు కూడా చెప్పవచ్చు. కానీ నేను ఎందుకు చెప్పినా, ఊపిరి అడిగినందుకు చెప్పినట్టే వాళ్ళకు వినిపిస్తుంది. రేపు ఇంకేదో కాల్చినప్పుడు ఆ సారీయే తెచ్చి నా ముందు పెడతారు.

"చెప్పను పిన్నీ" అన్నాను. "మీరు వెళ్ళిపొమ్మంటే వెళ్తాను. ఆ బట్టలుతికే సందులోనైనా ఉంటాను. సారీ మాత్రం చెప్పను. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ మెట్ల మీద నిలబడతాను."

వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు.

ఆ రోజు రాత్రి భోజనానికి కోటు, టోపీ వేసుకోకుండా కిందికి వెళ్ళాను. ప్లేటు పట్టుకుని వంటింట్లో ఆగకుండా ముందు గదిలోకి నడిచాను. స్టవ్‌లో రెండు కట్టెలు నీరసంగా మండుతున్నాయి. బాబాయి మంకీ క్యాప్ పెట్టుకుని దానికి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన పక్కన, స్టవ్‌కి అందరికంటే దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుని అన్నం కలుపుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తప్పుకోవాలనిపించలేదు.

ఆయన మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కున్నాడు. తర్వాత చెల్లితో కాకుండా, తిన్నగా నాతోనే అన్నాడు, "నీ దయవల్ల చలికి చస్తున్నాం."

"అవును బాబాయ్, నా దయవల్లే" అన్నాను. ఎడమచేత్తో ఇంకో కట్టె తీసి స్టవ్‌లో వేశాను.